ఎనిమిది రూపాయల పది బిళ్ళ

రాయపూర్‌లో తెలివితక్కువ పనులు చేసినవాళ్ళు చాలామందే ఉంటారు. కానీ సాక్షాత్తూ ప్రభుత్వం కొట్టించిన పది రూపాయల బిళ్ళల్ని సొంత అన్నయ్య దగ్గర బేరమాడి, ఒక్కోటి ఎనిమిది రూపాయలకి, ఏకంగా నాలుగు వేలు కొన్న ఘనత మాత్రం నాదే. అదీ ఊరంతా ఆ బిళ్ళని చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటున్న రోజుల్లో. కొన్నానని ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత ఎందుకని అడుగుతారు. ఎందుకంటే నాకు లెక్కలు బాగా వచ్చు. అదే నా ఖర్మ.

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది అది. ఎక్కడ పుట్టిందో తెలియదు కానీ ఊళ్ళోకి ఒక పుకారు వచ్చింది. పది బిళ్ళ మీద అంకె పైన సూర్యకిరణాల్లాంటి గీతలుంటాయి. వాటిని ఇక్కడ 'పత్తీ' అంటారు, అంటే రేకు. పది పత్తీలున్నది అసలు, పదిహేను పత్తీలున్నది నకిలీ అని పుకారు. రెండూ టంకశాలలో కొట్టినవే, వేర్వేరు ఏళ్ళవి. అయినా టీ బండివాడు, ఆటోవాడు, పాలవాడు బిళ్ళ చేతిలో పడగానే కళ్ళు చికిలించి రేకులు లెక్కపెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి లెక్కపెట్టే ఓపిక కూడా పోయి, పది బిళ్ళ అంటే చాలు, అసలు తీసుకోవడమే మానేశారు.

మేము కొట్టు మనుషులం. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి గుఢియారీలో, రైలు పట్టాలకి ఇవతల, కిరాణా కొట్టు పెట్టాడు. నాన్న తర్వాత అది అన్నయ్యకి వచ్చింది. నాకు రైల్వే గుమాస్తాతో పెళ్ళయింది. నెలకోసారి జీతం వచ్చే ఇంట్లో బేరానికి గౌరవం లేదు. కూరగాయల బండి దగ్గర నేను రెండు రూపాయల కోసం గొంతు పెంచితే, మా ఆయన నాలుగడుగులు దూరంగా జరిగి, నేనెవరో తెలియనట్టు కరెంటు తీగల మీది పావురాలని చూస్తూ నిలబడతారు.

ఆ ఏడాది నేను సొంత కొట్టు పెట్టి తీరాలనుకున్నాను. రైల్వే కాలనీలోని తెలుగు ఇళ్ళకి కావలసిన సరుకులు: గుంటూరు మిరపకాయలు, గోంగూర పచ్చడి, మినప వడియాలు, ఇడ్లీ రవ్వ. గది కూడా చూశాను. ఇనప సామాను అమ్మే ఒక సేఠ్‌ది. అడ్వాన్సు నలభై వేలు, ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇస్తాడు. ధన్‌తేరస్‌కి, అంటే దీపావళి ముందొచ్చే ధనత్రయోదశికి, ముందు రోజు లోపు డబ్బు ఇవ్వకపోతే గది మొబైల్ రీచార్జివాడికి పోతుంది. ఇక్కడ కొత్త కొట్టు ఏదైనా ధన్‌తేరస్ నాడే తెరుస్తారు కాబట్టి సేఠ్ ఆ గడువు దాటి ఒక్కరోజు ఆగడు.

నా దగ్గరున్నది ముప్ఫై రెండు వేలు. మా ఆయన్ని అడిగితే ఇస్తారు, కాకపోతే ఇచ్చాక అది ఆయన కొట్టవుతుంది. అది నాకు ఇష్టం లేదు. ముప్ఫై రెండు వేలు పెట్టి, అన్నయ్య కొట్టులో పేరుకుపోయిన పది బిళ్ళల్ని ఎనిమిదికొకటి చొప్పున కొంటే నాలుగు వేల బిళ్ళలొస్తాయి. నాలుగు వేల బిళ్ళలంటే నలభై వేలు. కాగితం మీద వేసి చూసుకుంటే ముచ్చటేసింది. లెక్క అంత అందంగా కుదిరినప్పుడే ఆగి అనుమానించాలని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, రాఖీ కొనుక్కుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను.

రాఖీ మా అమ్మానాన్నలకి తెలియని పండగ. ఇక్కడ పుట్టిన మాకు అలవాటైపోయింది. కట్టాను, మిఠాయి పెట్టాను. ఆ తర్వాత కొట్టు మూలనున్న నూనె డబ్బాలు చూపించి తెలియనట్టు అడిగాను.

"అన్నియ్యా, ఆటిల్లో ఏటున్నాయి?"

"ఏటుంటాయి, నా కర్మ. పది బిళ్ళలు. ఎవుడూ తీసుకోడు, నాను మాత్రం మొగమాటానికి అందరి దగ్గరా తీసుకున్నాను. బేంకుకెళ్తే లెక్కెట్టి తెమ్మంటారు. లెక్కెట్టుకుంటా కూకుంటే కొట్టెవుడు సూస్తాడు?"

"నాకిచ్చీ. ఏడు రూపాయలిస్తాను."

"ఏడా! పది రూపాయల సరుకు ఏడుకా? తొమ్మిదిన్నర."

"ఎవుడూ కొనంది సరుకేటన్నియ్యా? నెలల్నుంచీ పడుంది. ఎలక్కూడా ముట్టలేదు."

"రాఖీ కట్టి పావుగంట కాలేదు, గొంతు కోసెత్తన్నావు."

"కట్టించుకున్నందుకు నువ్వేటిచ్చావు? యాభై రూపాయలూ ఒక జాకెట్టు ముక్కా."

వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది. "ఆ జాకెట్టు ముక్క నూటిరవై. బజార్లో అడుగు!"

ఎనిమిది దగ్గర బేరం తెగింది. అన్నయ్య ఒక్క షరతు పెట్టాడు. వైష్ణోదేవి బొమ్మున్న బిళ్ళ కనిపిస్తే అది ఆయనదే. పది లక్షలకి కొంటామని ఫోన్లో ఎవరో చెబుతున్నారట. సరేనన్నాను. మిగతా బిళ్ళల్ని మేము లెక్కపెట్టలేదు, తూచాం. మా ఇంట్లో చిల్లర తూచడమే పద్ధతి. వంద బిళ్ళలు లెక్కపెట్టి తక్కెడ ఒక పళ్ళెంలో వేసి, దానికి సరిపడా రెండో పళ్ళెంలో పోస్తూ పోవడం. నలభై తూకాలు. ముప్ఫై కిలోల పైమాట. ఆటో వెనక సీట్లో నేనొక పక్క, డబ్బాలు ఒక పక్క కూర్చుని ఇంటికొచ్చాం. దారిలో గుంతలొచ్చినప్పుడల్లా డబ్బాలు ఘల్లుమంటుంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. దిగాక పది బిళ్ళలు రెండిచ్చాను. తీసుకోలేదు. నోటే ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ కొట్టు మనుషులు తప్ప మరొకరు చెయ్యలేని పొరపాటొకటి చేశాను. సరుకు మెరిస్తే అమ్ముడవుతుందని పుట్టినప్పట్నుంచీ వింటూ పెరిగాను. దీపావళి ముందు తూకపు రాళ్ళు, ఇత్తడి తక్కెడలు చింతపండుతో తోమడం మా ఇంట్లో ఆడపిల్లల పని. ఈ బిళ్ళలేమో జిడ్డుపట్టి నల్లబడి ఉన్నాయి. అందుకే జనం అనుమానిస్తున్నారని తేల్చాను. చింతపండు నానబోసి, ఉప్పు వేసి, గాబులో పోసి నాలుగు వేల బిళ్ళలూ తోమాను. వారం పట్టింది. డాబా మీద పాత చీర పరిచి ఆరబోస్తే, మా ఆయన మెట్ల మీద నిలబడి, "ఏటే ఇది, బిళ్ళల వడియాలా?" అన్నారు. నవ్వాను. నవ్వే ధైర్యం అప్పటికి ఇంకా ఉంది.

మర్నాడు పాలవాడికి మెరిసే బిళ్ళలు రెండిచ్చాను. ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పక్కా నకిలీ, అమ్మా. అసలుది ఇంతలా మెరవదు" అన్నాడు. మందుల షాపులోనూ అదే మాట. ముందు పదిహేను పత్తీలున్నవాటినే నకిలీ అనేవాళ్ళు. నా బిళ్ళలన్నింటి మీదా అనుమానం వచ్చేలా నేనే తోమి పెట్టాను.

అమ్ముడవని సరుకులో ఏరుకునే సరుకేదైనా ఉంటుందేమోనని చూడటం కొట్టువాళ్ళకి సహజం. ఒక భూతద్దం కొని, బిళ్ళల్ని రకాలుగా పోశాను. సంవత్సరం కింద చిన్న గుర్తులుంటాయని అప్పుడు గమనించాను. కొన్నింటికి చుక్క, కొన్నింటికి నక్షత్రం, కొన్నింటికి వజ్రం, కొన్నింటికి ఏమీ లేదు. గీతలు అడ్డంగా దాటుకుని మూలమూలకీ ఒక చుక్కున్న రకం మాత్రం నాలుగు వేలల్లో తొమ్మిదే. అవి పొట్లం కట్టుకుని గోల్ బజార్‌లో పాత నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. గాజు బల్ల వెనక కూర్చున్న సన్నటి మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

గుర్తుల సంగతి ఆయనే చెప్పాడు. నక్షత్రం హైదరాబాద్ టంకశాలది, చుక్క నోయిడాది, వజ్రం ముంబైది, ఏమీ లేనిది కోల్‌కతాది. వైష్ణోదేవి బిళ్ళ గురించి అడిగితే, "కోట్లలో కొట్టిన బిళ్ళ అది. దేవతకి దండం పెట్టుకుని బిళ్ళతో పాలు కొనుక్కోండి" అన్నాడు హిందీలో. నాణెం ధర దాని వయసుని బట్టి ఉండదు, ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి, ఉన్నది ఎలా ఉంది అనేవే చూడాలి అన్నాడు. అప్పుడు నా పొట్లం విప్పాను.

తొమ్మిదింటినీ చూశాడు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"చింతపండు?"

"కొంచెం ఉప్పు కూడా."

"చిల్లర్‌ని చిల్లర్‌లాగే ఉంచాల్సింది, బహెన్‌జీ. కడగకపోతే ఒక్కోటి నూట యాభైకి కొనేవాణ్ణి. ఇప్పుడు ఇరవై."

చిల్లర అనేది వాళ్ళ భాషలోనూ మా భాషలోనూ ఒకటే మాట. ఆయన మాత్రం దాన్ని నా మొహం చూస్తూ అన్నాడు. అయినా నేను నమ్మలేదు. చింతపండు కొనేటప్పుడు గింజలెక్కువున్నాయని నేను అనలేదూ? కొనేవాడు వంక పెట్టకపోతే కొనేవాడే కాదు. తొమ్మిదీ మళ్ళీ పొట్లం కట్టుకుని లేచాను.

నిజం తేల్చడానికి మా ఆయన్ని పంపాను. కడగని బిళ్ళ ఎంతకి అమ్ముతాడో, కడిగినవి అసలు అమ్ముతాడో లేదో ఊరికే అడిగి రమ్మన్నాను. ఆయన గంట తర్వాత చిన్న ప్లాస్టిక్ కవరుతో తిరిగొచ్చారు.

"కడగంది రెండొందల యాభై అన్నాడు. కడిగినవి ముప్ఫైకి కూడా కష్టమేనట."

"మరి చేతిలో అదేటండీ?"

"ఇంకో రకం. మూడొందల యాభై."

"కొన్నారా!"

"మరి అంతసేపు ఆడు అన్నీ తీసి సూపించాడు. అడిగీసి కొనకుండా ఎలాగొచ్చెత్తాం? బాగోదు కదేటి."

"పది రూపాయల బిళ్ళకి మూడొందల యాభయ్యా! బేరమాడలేదా?"

"ఆడాను. నాలుగొందలన్నాడు ముందు."

ముప్ఫై కిలోల పది బిళ్ళలున్న ఇంటికి డబ్బిచ్చి ఇంకోటి కొని తెచ్చిన మనిషి ఆయన. వ్యాపారి నాతో నిజమే చెప్పాడని మాత్రం తేలింది. ధన్‌తేరస్ దగ్గరికొస్తోంది. ముప్ఫై రెండు వేలూ డబ్బాల్లో ఉన్నాయి.

అప్పుడిక తెలివితేటలు పక్కన పెట్టి మొండితనం అందుకున్నాను. ఒక పొట్లం పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. గోడ మీద కాగితం అంటించి ఉంది: పది బిళ్ళలు పద్నాలుగు రకాలు, అన్నీ చెల్లుతాయి. క్యాషియరమ్మ నన్నూ, నా సంచినీ చూసి నిట్టూర్చింది. రూలు ప్రకారం ఒక మనిషి నుంచి ఒకసారికి వెయ్యి రూపాయల బిళ్ళలే తీసుకోవాలి, వంద చొప్పున కవరులో కట్టి తేవాలి అంది. వంద బిళ్ళలంటే వెయ్యి రూపాయలు. అంటే రోజుకి ఒక కవరు. నా దగ్గర నలభై కవర్లకి సరిపడా సరుకుంది. గడువులోగా బ్యాంకు పనిచేసే రోజులు అన్ని లేవు. అయినా రేపు వస్తానన్నాను. వచ్చాను కూడా.

రోజూ వంట ముగించి, కవరు చేతిసంచిలో వేసుకుని, షేర్ ఆటో ఎక్కేదాన్ని. రానూ పోనూ నలభై. సంచి కిలో కూడా ఉండదు కానీ భుజానికి తెలిసేది. వానలో వెళ్ళాను, జ్వరంలో వెళ్ళాను. మొదట్లో క్యాషియరమ్మ మళ్ళీ నువ్వేనా అన్నట్టు చూసేది. తర్వాత నేను వరసలో కనబడగానే చెయ్యి చాపేది. గేటు దగ్గర గార్డు, "దస్‌వాలీ బహెన్‌జీ వచ్చింది, దారివ్వండి" అని అందరికీ వినబడేలా అనేవాడు. పది బిళ్ళల అక్క అన్నమాట. పేరు పెడితే పెట్టాడు, దారైతే ఇచ్చాడు.

ఆవిడ ఒక్కో బిళ్ళనీ వేలితో తిప్పి చూసేది. అసలు బిళ్ళకి బయటి వలయం వేరు, మధ్య బిళ్ళ వేరు, రెండూ కలిపి బిగిస్తారు. నకిలీదానికి ఒకే లోహం మీద రంగు పూస్తారు. నా చింతపండుకి ఆ పూత అక్కడక్కడా లేచిపోయింది. అలా ఇరవై ఏడు పట్టుబడ్డాయి. లెక్కపెట్టకుండా తూచుకొచ్చినందుకు దక్కిన బహుమతి అది. ఇరవై ఏడూ ఆవిడే ఉంచుకుంది. వాటికి కాగితం రాయించుకుని, మర్నాడు ఇంకో కవరు తీసుకెళ్ళాను.

కవర్లు కట్టేటప్పుడే నాకు తెలియకుండా ఒక దురాశ పట్టుకుంది. గోడ మీది కాగితంలోని పద్నాలుగు రకాలకి ఒక్కోటి చొప్పున కవర్లలోంచి తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాను, వాటి చోట మరొకటి పెట్టలేదు. పార్లమెంటు, యోగా, కొబ్బరి పీచు, వైష్ణోదేవి. అన్నయ్య షరతు గుర్తొచ్చి దేవత బిళ్ళ దొరికిందని ఫోన్ చేసి చెప్పాను, వ్యాపారి మాట కూడా చెప్పాను. "అయితే నువ్వే ఉంచుకో" అన్నాడు, పది లక్షలు దానమిచ్చినంత గొంతుతో. పదమూడు రకాలు కూడాయి. పద్నాలుగోది డబ్బాలు బోర్లించినా దొరకలేదు. దానికి పది రూపాయలకి మించి పైసా ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఒకరోజు మా ఆయన తెచ్చిన ప్లాస్టిక్ కవరు సొరుగులో కనబడితే తీసి చూశాను. పద్నాలుగోది అదే. ఆయనకి మాత్రం చెప్పలేదు. చెబితే ఇక కూరగాయల బండి దగ్గర కూడా ఆయనే ముందు నిలబడేవారు.

వ్యాపారి ఇరవై ఇస్తానంటే పౌరుషంగా వెనక్కి తెచ్చుకున్న తొమ్మిదింటిలో ఒకటి ఆ పదమూడిలో చేరింది. మిగతా ఎనిమిదీ పదికొకటి చొప్పున బ్యాంకుకే వెళ్ళాయి.

గడువు రోజు వచ్చేసరికి ముప్ఫై ఒక్కసారి బ్యాంకుకి వెళ్ళి ముప్ఫై వేల ఆరు వందలు వేశాను. ఇంకా తొమ్మిది వందల బిళ్ళలు మిగిలాయి. ఇంటి ఖర్చులోంచి నాలుగు వందలు కలిపి, నోట్లు పర్సులో, బిళ్ళలు సంచిలో పెట్టుకుని సేఠ్ దగ్గరికెళ్ళాను. సిల్తారా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఇనప చువ్వల లారీ దింపుతున్నారు. ఆ చప్పుడులో నా సంచి చప్పుడు ఎవరికీ వినబడలేదు.

సేఠ్ నోట్లు లెక్కపెట్టుకున్నాడు. సంచి విప్పి ఒక బిళ్ళ తీసి కళ్ళజోడు సర్దుకుని, నిదానంగా రేకులు లెక్కపెట్టాడు. తర్వాత తీరిగ్గా అన్నాడు.

"ఇవి చెల్లవు బహెన్‌జీ. పోనీ మీరు కాబట్టి ఎనిమిదికి తీసుకుంటా."

ఆ అంకె నా నోట్లోంచి తప్ప మరొకరి నోట్లోంచి వినడం నాకదే మొదటిసారి. బిళ్ళకి రెండు చొప్పున పద్దెనిమిది వందలు తగ్గుతుంది. రెండు నెలలుగా పాలవాడితో, ఆటోవాళ్ళతో, మందుల షాపువాడితో పది అంటే పదేనని పోట్లాడిన దాన్ని. ఇప్పుడు ఎనిమిదంటే ఒప్పుకునేదేముంది?

"పది బిళ్ళ పదికే సేఠ్‌జీ. రేపు మీరు బ్యాంకుకి తీసుకెళ్ళండి, వెయ్యికి వెయ్యి ఇస్తారు. క్యాషియరమ్మకి నా పేరు చెప్పండి."

"అన్నిసార్లు తిరగడానికి నాకు వేరే పని లేదా?"

"నాకు లేకనే తిరిగానా?"

సేఠ్ నవ్వాడు. బిళ్ళలు పదికే తీసుకుంటాను, అద్దె మాత్రం నెలకి రెండొందలు పెంచండి అన్నాడు. నేను యాభై అన్నాను. ఆయన మొబైల్ రీచార్జివాడి పేరెత్తాడు. నేను సంచి మూతి కట్టి లేచాను. ఆయన చువ్వలవైపు చూస్తూ వంద అన్నాడు. అగ్రిమెంటు పదకొండు నెలలు. మనసులోనే లెక్కేశాను: పదకొండు వందలు, పద్దెనిమిది వందల కంటే ఏడు వందలు తక్కువ. గెలిచాననుకుని తాళంచెవి పుచ్చుకున్నాను. ధన్‌తేరస్ నాడు కొట్టు తెరిచాను. తలుపు మీద, పది రూపాయల బిళ్ళలు తీసుకోబడును అని తెలుగులోనూ హిందీలోనూ రాయించాను. వచ్చినవాటిని రోజుకో కవరు చొప్పున బ్యాంకుకి పంపేదాన్ని.

పదకొండు నెలలయ్యాక ఆ వంద తీసెయ్యమని అడిగాను. "ఏ వంద?" అన్నాడు సేఠ్. ఆ తర్వాతా అడుగుతూనే వచ్చాను, ఆయన అలా అంటూనే వచ్చాడు. ఆరేళ్ళు ఆ గదిలో నడిపి, పక్క సందులో పెద్ద గదికి మారాను. అడ్వాన్సు నలభై వేలూ తిరిగిచ్చాడు, నోట్లలోనే. కాబట్టి ఈ బేరం ఇప్పుడు పూర్తిగా ముగిసింది, లెక్క చెప్పొచ్చు.

ముప్ఫై రెండు వేలు పెట్టి కొన్న బిళ్ళలు ముప్ఫై తొమ్మిది వేల ఆరు వందలకి పోయాయి. ఇరవై ఏడు నకిలీవి, నేను ఉంచుకున్న పదమూడు అందులో కలవవు. వచ్చింది ఏడు వేల ఆరు వందలు. అందులోంచి చింతపండు, ఉప్పు నాలుగు వందలు. ప్లాస్టిక్ కవర్లు అరవై. భూతద్దం నూట ఎనభై. మా ఆయన మొగమాటం మూడు వందల యాభై. షేర్ ఆటోలు పన్నెండు వందల నలభై. ఇక్కడిదాకా ఖర్చు రెండు వేల రెండు వందల ముప్ఫై. చివరి తొమ్మిది వందల బిళ్ళలూ సేఠ్‌కి ఎనిమిదికే ఇచ్చేసి ఉంటే, ఆ పద్దెనిమిది వందలు పోయినా మూడు వేల ఐదు వందల డెబ్భై లాభం ఉండేది. నేను గెలిచిన బేరం ప్రకారం నెలకి వంద చొప్పున డెబ్భై రెండు నెలలు, ఏడు వేల రెండు వందలు. నికరం: నష్టం, పద్దెనిమిది వందల ముప్ఫై రూపాయలు.